మోరి అవతలి కారు

లైను తప్పి ముందుకొచ్చేవాడిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది నా ఉద్యోగం నాకు అంటించిన జబ్బు. జమ్మికుంట పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పనిచేస్తాను. సీజనులో ట్రాలీలు, ట్రాక్టర్లు, ఆటోలు యార్డు గేటు దాటి రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. ఎవడో ఒకడు ఎవరి చేతనో ఫోన్ చేయించి, సందు చూసి బండి మూతి దూర్చాలని చూస్తాడు. వాడిని మళ్ళీ లైను చివరికి పంపేదాకా నాకు చాయ్ గొంతు దిగదు.

కారు కొన్నాక ఆ జబ్బు నాతో పాటు రోడ్డెక్కింది. కరీంనగర్ నుంచి వరంగల్ పోయే రోడ్డును నాలుగు వరుసలు చేసే పని మొదలయ్యాక అది ముదిరింది. ఎక్కడ చూసినా ప్లాస్టిక్ డబ్బాలు, ఇసుక బస్తాలు, మట్టి కుప్పలు. రోడ్డు సన్నబడే చోట బుద్ధిమంతులంతా ఎడమ పక్క ఒకరి వెనక ఒకరు నిలబడతారు. తెలివిమంతులు కుడి పక్క ఖాళీగా ఉంది కదా అని చివరిదాకా ఉరికి, అక్కడ ఇండికేటర్ వేసి మూతి పెడతారు. నేను మాత్రం ముందు బండికి ఆనుకుని పోతాను. వాడు చెయ్యి ఊపినా, అన్నా అని బతిమాలినా, ఎదురుగా చూస్తూ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటాను. అటు చూడకపోతే వాడు లేనట్టే.

మా ఆవిడ నవ్వేది. "ఇయ్యకు, అస్సలు ఇయ్యకు. గా జాగల మనం రెండు గుంటలు కొనుక్కొని ఇల్లు కట్టుకుందాం" అనేది.

ఆమె ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. సర్కారు టీచరు కావాలన్నది పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. నోటిఫికేషన్ పడేది, ఆగిపోయేది. మళ్ళీ పడేది, కోర్టుకు పోయేది. ఈలోగా ఆమె వయసు ఆగలేదు. ఈసారి రాయకపోతే ఇక అర్హత ఉండదు. ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట ఇంట్లో ఎత్తేవాళ్ళం కాదు. వంటింటి గట్టు మీద పుస్తకం తెరిచి, పేజీ ఎగరకుండా ఉప్పు డబ్బా పెట్టి, పప్పు ఉడికేలోగా చదివేది. చివరి నెలలో ఆ పుస్తకానికి పసుపు మరకలు ఎన్ని పడ్డాయో చెప్పలేను.

ఈ పరీక్షలకు మన దగ్గర ఒక నియమం ఉంది. పరీక్షకు ముందే గేటు మూస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పరీక్ష జరిగిన ప్రతి రోజూ టీవీలో ఎవరో ఒక అమ్మాయి గేటు చువ్వలు పట్టుకుని ఏడుస్తూ కనిపిస్తుంది. అది వచ్చినప్పుడల్లా మా ఆవిడ రిమోట్ అందుకుని ఛానల్ మార్చేది.

సెంటర్ కరీంనగర్లో పడింది. ఆదివారం పొద్దున్నే, మామూలుగా పట్టే టైముకు రెండింతలు చేతిలో పెట్టుకుని బయలుదేరాం. ఆమె తన ఫోన్ ముందే నాకిచ్చేసింది. గడియారం కూడా పెట్టుకోలేదు, రానివ్వరు కాబట్టి. హాల్ టికెట్, పెన్ను ఉన్న పారదర్శకమైన కవరు ఒక్కటే ఒళ్ళో పెట్టుకుంది. హుజూరాబాద్ దాటాం. తాడికల్ దాటాం. కేశవపట్నం దాటి కొంచెం దూరం పోయామో లేదో, ముందున్న బండ్ల వెనక లైట్లన్నీ ఒకేసారి ఎర్రగా వెలిగాయి.

నేను ఎడమ పక్క లైనులో నిలబడ్డాను. నా వెనక జమ్మికుంట బస్సు వచ్చి ఆగింది. కాసేపటికి ముందు నుంచి బైకు మీద తిరిగొస్తున్న ఒకతను అద్దం మీద తట్టాడు.

"ముంగట డైవర్షన్ల వడ్ల లారీ మట్టిల దిగవడ్డదన్నా. జేసీబీ కోసం పోయిండ్రు."

అది విన్న తెలివిమంతులు ఊరుకుంటారా? మా కుడి పక్క, ఎదుటివాళ్ళు రావలసిన వరుసలోకి ఒక్కొక్కరే దిగి ముందుకు పోసాగారు. అటు నుంచి కూడా ఇదే జరుగుతూ ఉంటుందని చిన్న పిల్లవాడికైనా తెలుస్తుంది. ఇవతలివాళ్ళు రెండు వరుసలు, అవతలివాళ్ళు రెండు వరుసలు, మధ్యలో లారీ. జేసీబీ వచ్చినా దానికి దారి ఉండదు. నేను స్టీరింగ్ మీద గుద్దుతూ ఒక్కొక్కడినీ తిడుతున్నాను. ఆమె కవరు మూలను మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది.

"ఎంతైంది?" అంది.

చెప్పాను. మళ్ళీ కాసేపటికి అడిగింది. మళ్ళీ చెప్పాను. బండి అంగుళం కదలలేదు.

మా ఎడమ పక్కనే, కొంచెం ఎత్తు మీద, కొత్త రోడ్డు ఉంది. నల్లగా, నున్నగా, ఒక్క బండి లేకుండా. ఇంకా తెరవలేదు కాబట్టి అది మొదలయ్యే చోట మట్టి కుప్ప అడ్డం పోశారు. బైకులు ఎక్కీ ఎక్కీ ఆ కుప్ప ఒక పక్క అణిగిపోయి ఉంది.

"దాని మీదికి ఎక్కియ్యి" అంది.

"అది ఇంకా తెరవలే."

"తెరవకుంటేంది? తారు వోసిండ్రు గదా."

"లైను ఇడిసిపెట్టి పోతే మళ్ళ జొరవడనియ్యరు. ఎవ్వడు జాగ ఇయ్యడు."

"లోకమంతా నీ అసొంటోళ్ళే ఉన్నరనుకుంటున్నవా?"

ఇది ఎప్పటిలా నవ్వుతూ అన్న మాట కాదు. ఆమె వైపు చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నాకు గిదే ఆఖరుదయ్యా" అంది.

స్టీరింగ్ ఎడమకు తిప్పాను. కారు అడుగు భాగం మట్టికి గీరుకుని, ఎగిరి, కొత్త రోడ్డు మీద పడింది. అద్దంలో చూశాను. నేను వదిలిన జాగాలోకి బస్సు అప్పటికే జరిగిపోయింది.

కొత్త రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా దిక్కున కోతలప్పుడు తెరవని రోడ్డు కనబడితే రైతులు వదలరు, కళ్ళం కన్నా అదే శుభ్రంగా ఉంటుంది. అంచున వరుసగా రాళ్ళు పెట్టారు. మిగతా సగంలో నేను జాగ్రత్తగా, ఒక్క గింజ టైరు కింద పడకుండా పోనిచ్చాను. ఒక ముసలావిడ వడ్లు ఊడ్చే పొరక పట్టుకుని, ఇంకో చెయ్యి ఎత్తి ఊపుతూ మా వైపు పరుగెత్తుకొచ్చింది. నోరు తెరిచి గట్టిగా అరుస్తోంది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి, మాట వినబడలేదు. వినవలసిన అవసరం ఉందనీ అనిపించలేదు. రోడ్డు మీది వడ్ల దగ్గర బండ్లవాళ్ళకూ రైతులకూ రోజూ జరిగే పంచాయితీయే కదా.

"వడ్ల మీదికి ఎక్కలే గదా, ఏమొర్లుతది?" అన్నాను.

"వచ్చేటప్పుడు ఆగి చెప్పుకుందాం, పోనియ్యి" అంది ఆమె.

పక్కన ఆగిపోయిన లైనంతా వెనక్కి పోతోంది. నిజం చెప్పాలంటే, ఆ కాస్సేపు నాకు సంతోషమేసింది. ఇంతకాలం ఈ సుఖం తెలియక బతికానా అనిపించింది. ఆ తర్వాత రోడ్డు ఒక వంపు తిరిగింది. కొత్త రోడ్డు పాత రోడ్డుకు కొంచెం దూరంగా జరిగింది. రోడ్డు అక్కడితో అయిపోయింది. శక్తి కొద్దీ బ్రేకు తొక్కాను.

ముందు గొయ్యి. రోడ్డు కింద నీళ్ళు పోవడానికి మోరి కట్టాల్సిన చోట ఇంకా ఇనుప చువ్వలు నిలబెట్టి ఉన్నాయి. అడుగున నీళ్ళు, సిమెంటు పైపులు. గొయ్యి అవతల మళ్ళీ నల్లటి రోడ్డు మొదలై కరీంనగర్ వైపు పోతోంది. ఆ అంచున, మూతి మా వైపు పెట్టి, ఇంకో కారు ఆగి ఉంది. దాని ముందు ఒక కుర్రవాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

అతనే ముందు అరిచాడు. "అన్నా, అటు దారి ఉన్నదా?"

"దారి ఉంటే నేను గీడెందుకు ఆగుత?" అన్నాను.

ఆ కారులోంచి ఒక అమ్మాయి దిగింది. ఆమె చేతిలోని కవరును నేను చూడలేదు. మా ఆవిడ చూసింది. అదే రకం పారదర్శకమైన కవరు.

"పిల్లా, నీ సెంటర్ యాడ?"

"హుజూరాబాదక్కా! మా అన్న తోలుకపోతున్నడు. నీదో?"

"కరీంనగర్!"

కరీంనగర్ దిక్కువాళ్ళకు హుజూరాబాద్, హుజూరాబాద్ దిక్కువాళ్ళకు కరీంనగర్. ఏ మహానుభావుడు వేశాడో ఈ సెంటర్లు. మేం నలుగురం గొయ్యికి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకున్నాం. ఏ కారూ గొయ్యి దాటడం కుదరదు. కానీ మా కారు హుజూరాబాద్ వైపూ, వాళ్ళ కారు కరీంనగర్ వైపూ వెనక్కి తిరగగలవు. మనుషులు దాటడానికి కూలీలు ఒక సెంట్రింగ్ చెక్క వేసి ఉంచారు.

"నేనటు వస్త, నువ్విటు రా" అంది మా ఆవిడ.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "వాడెవడో ఏందో. ఎట్ల వోతవ్?"

"వాని చెల్లె నీ కార్ల కూసుంటది గదా. ఇంకేం కావాలె నీకు?"

మోచెయ్యి వదిలాను. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని చెక్క దగ్గరికి పోయింది. అటు నుంచి ఆ అమ్మాయి కూడా కాలు పెట్టింది. చెక్క ఒక్కరికే సరిపోతుంది. ఇద్దరూ ఆగారు. "నువ్వు రా ముందు, చిన్నదానివి" అని మా ఆవిడ అంచున నిలబడింది. ఆ అమ్మాయి చేతులు చాచి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఆ తర్వాత మా ఆవిడ దాటింది. అవతల అతను చెయ్యి అందించాడు. ఆమె కారెక్కే ముందు నా వైపు తిరిగి, పో పో అన్నట్టు చెయ్యి విసిరింది. ఫోన్ నెంబరు తీసుకోవాలన్న ఆలోచన ఇద్దరు మగవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఆ అమ్మాయిది గోదావరిఖని. నాన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడట, అన్న బొగ్గు టిప్పర్ నడుపుతాడట. "మా అన్న మస్తు స్పీడు వోతడన్నా. అక్కకు ఫికర్ లేదు" అంది. నన్ను ధైర్యపరచడానికే అంది. నాకు మాత్రం ఈ పిల్లకు ఎలాంటి డ్రైవరు దొరికాడో తలుచుకుంటే భయమేసింది. టెన్త్ పిల్లలు సైకిళ్ళ మీద నన్ను దాటి పోతారు.

వెనక్కి తిరిగొస్తుంటే, వడ్ల దగ్గర ఆ ముసలావిడ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఈసారి అద్దం దించాను.

"చెయ్యి ఊపుకుంట ఉరికొస్తి గదా బిడ్డా, ముంగట మోరి కాలేదని! అద్దాలెక్కిచ్చుకొని ఇననే ఇనకపోతివి" అంది.

నా మొహం మాడిపోయింది. "తప్పైందవ్వా. గీ పిల్లకు పరీక్ష ఉన్నది. హుజూరాబాద్ పోవాలె" అన్నాను.

ఆమె పక్కకు జరిగింది. మట్టి కుప్ప దిగి పాత రోడ్డు అంచున ఆగాను. అప్పుడు చూశాను. లైను కదులుతోంది. జేసీబీ వచ్చినట్టుంది, లారీ లేచినట్టుంది. మేం వదిలేసిన లైను కరీంనగర్ వైపు బండి వెనక బండిగా పోతోంది. నేను దాన్ని అడ్డంగా దాటి అవతలి వరుసలోకి చేరితేనే హుజూరాబాద్. ఇండికేటర్ వేశాను. చెయ్యి బయటపెట్టి ఊపాను. హారన్ కొట్టాను. కారు మూతి కొంచెం ముందుకు పెడితే, వస్తున్నవాడు ఇంకొంచెం ముందుకు తోలి నా మూతి మీదికే వచ్చాడు. ఒక్కడు కూడా నా వైపు చూడలేదు. అందరూ ఎదురుగా చూస్తున్నారు, స్టీరింగ్ పట్టుకుని. ఆ చూపు నాకు బాగా తెలుసు.

నా వెనక ఆగిన జమ్మికుంట బస్సు ఎప్పుడో ముందుకు పోయి ఉంటుంది. అందులో పరీక్షకు పోయేవాళ్ళూ ఉండే ఉంటారు. అటు చివర, కొత్త రోడ్డు పాత రోడ్డులో కలిసే చోట, మా ఆవిడకు ఎదురయ్యేది కూడా ఈ లైనే.

"అన్నా, అందుకుంటమా?" అంది ఆ అమ్మాయి.

"అందుకుంటం" అన్నాను. నాకు నమ్మకం లేదు.

అంతలో ముసలావిడ మట్టి కుప్ప దిగింది. అటూ ఇటూ చూడకుండా నేరుగా రోడ్డు మీదికి నడిచి, వస్తున్న లారీ ముందు పొరక ఎత్తి నిలబడింది. లారీ బుస్సుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నానా మాటలూ అన్నాడు.

"పిల్ల పరీచ్చకు వోవాలె. జర ఆగుతే నీ లారీ ఏమన్న ముసల్దైతదారా?" అని ఆమె అంతకన్నా గట్టిగా అంది. "దాటు బిడ్డా, దాటు!"

దాటాను. ఆమెకు దండం పెట్టే తీరిక కూడా లేదు. అవతలి వరుస నాదే, కానీ దాన్ని నిండా ఆక్రమించి ఎదురొస్తున్నారు తెలివిమంతులు. రెండు చక్రాలు మట్టి అంచు మీదికి దించాను. కారు కాలువ వైపు వంగింది. ఆ అమ్మాయి డాష్‌బోర్డు పట్టుకుంది. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, జన్మలో ఎన్నడూ తోలనంత వేగంగా తోలాను. ఒకడి అద్దానికి నా అద్దం తగిలి లోపలికి ముడుచుకుపోయింది. వాడు తిట్టాడు, నేనూ తిట్టాను. తాడికల్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. అప్పుడు ఇంకా వేగంగా పోయాను.

హుజూరాబాద్లో ఆమె సెంటరున్న కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి కాపలా అతను ఒక రెక్క మూసి రెండో రెక్క మీద చెయ్యి వేశాడు. "మా అన్నకు చెప్పన్నా!" అంటూ ఆ అమ్మాయి తన అన్న నెంబరు గబగబా చెప్పి, కారు పూర్తిగా ఆగకముందే దిగి పరుగెత్తింది. లోపలికి పోయింది. ఆమె వెనకే రెండో రెక్క మూసుకుంది.

నేను అక్కడే ఒక అరుగు మీద కూలబడ్డాను. నెంబరు మరిచిపోకముందే నొక్కాను. చాలాసేపు మోగింది.

"హలో" అంది మా ఆవిడ.

ఆ సమయానికి ఆమె ఫోను లేని గదిలో, కుర్చీలో, తల వంచుకుని ఉండాలి. ఆమె గొంతు వెనక హారన్లు వినబడుతున్నాయి. అతను నడుపుతున్నాడు, అందుకే ఫోన్ ఆమె ఎత్తింది.

"పిల్ల అందుకున్నదా?" అంది.

"అందుకున్నది."

"లోపలికి వోయిందా? నువ్వు సూసినవా?"

"సూసిన. ఆమె వోయినంకనే గేటు వెట్టిండ్రు."

"మంచిగైంది" అంది. "నువ్వు ఆడనే ఉండు. పిల్లను తోలుకొని మోరి కాడికి రా. ముందుగాల్ల ఆమెకేం చెప్పకు." ఫోన్ పెట్టేసింది.

పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మోరి కట్టనివాళ్ళ మీదా, లారీ మీదా, అటు చివర జాగా ఇవ్వనివాళ్ళ మీదా వంతులవారీగా తెచ్చుకున్నాను. ఆ చివరివాళ్ళ దగ్గర మాత్రం నోరు పడిపోయేది. వాళ్ళలో నేనుంటే నేనూ ఇవ్వను.

ఆ అమ్మాయి నవ్వుతూ బయటికి వచ్చింది. "అక్క ఎట్ల రాసిందట?" అని అడిగింది.

"పోయి అడుగుదాం పా" అన్నాను.

మేం వెళ్ళేసరికి కొత్త రోడ్డు మీద మా ఆవిడ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి కట్టుకుని, ముసలావిడతో పాటు వడ్లను కాళ్ళతో తిప్పుతోంది. వాళ్ళ కారు మట్టి కుప్ప పక్కన ఆగి ఉంది. అతను దానికి ఆనుకుని నిలబడ్డాడు, నా మొహం చూడలేకపోయాడు.

"ఎవ్వడు జాగ ఇయ్యలేదన్నా. మూతి వెడ్తె మీదికే తోలిండ్రు. దిగి దండం వెట్టిన. బస్సుకు కూడ అడ్డం వోయిన. తిట్టుకుంట వోయిండు గని ఆగలే."

ఆ అమ్మాయి కవరు చేతిలోంచి జారిపోయింది. మా ఆవిడ దగ్గరికి పోయి ఏడవడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఆమె వీపు నిమిరింది.

"ఏడ్వకు. మేం లైన్లనే ఉంటే నేను అందుకుంటుంటి, నువ్వు అందుకోకపోతుంటివి. ఇద్దర్ల ఒక్కలమన్న వోయినం గదా. ఎట్ల రాసినవ్?"

"మంచిగనే రాసినక్కా."

"ఇగ నాకదే సాలు" అంది.

ఇంటికి పోతూ ఆమె కాళ్ళకు అంటిన వడ్ల దుమ్మును చీర అంచుతో తుడుచుకుంటూ కూర్చుంది. తాడికల్ దగ్గర మళ్ళీ రోడ్డు సన్నబడుతుంది. నేను ఎడమ లైనులో నిలబడ్డాను. కుడి పక్క నుంచి ఒక కారు ఉరికొచ్చి ఇండికేటర్ వేసింది. నా కాలు అలవాటు కొద్దీ ముందుకు తోలబోయింది.

"ఇయ్యి" అంది.

బ్రేకు వేశాను. వాడు దూరాడు. వాడి వెనక ఇంకొకడు వచ్చాడు. నా వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. ఒకడు దిగి అద్దం మీద గుద్ది, డ్రైవింగ్ రాకుంటే ఇంట్ల పండమన్నాడు. వాడి మొహం అచ్చం నా మొహమే. పక్కకు చూశాను. పొద్దుటి నుంచి కళ్ళు తడవనిది, ఇప్పుడు కవరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కుడి పక్క నుంచి బండ్లు ఒక్కొక్కటే నా ముందుకు వచ్చి చేరుతూనే ఉన్నాయి. ఆమె ఇగ పోనియ్యి అనేదాకా నేను బ్రేకు మీది కాలు తీయలేదు.